బెర్తా బెంజ్

జర్మనీ దేశపు నైరుతి భాగమున ఫోర్ట్స్‌హైమ్ అను పట్టణము కలదు. స్వర్ణాభరణముల తయారీకి అది పేరు గాంచినది. అచ్చట 1849వ సంవత్సరము మే 3వ తేదీన బెర్తా జన్మించెను. ఆమె తండ్రి వడ్రంగమున ఆరితేరి, గృహనిర్మాణముచే ధనము గడించినవాడు. బాల్యమునుండియు ఆమెకు యంత్రములయందు ఆసక్తి మెండు. కాని ఆ కాలమున జర్మనీ విశ్వవిద్యాలయములలో స్త్రీలకు ప్రవేశము లేకుండెను.

యౌవనమున ఆమెకు కార్ల్ బెంజ్ అను ఇంజనీరుతో పరిచయమయ్యెను. అతడు రైలు ఇంజను నడుపువాని కుమారుడు. పసితనముననే తండ్రి గతింపగా, తల్లి ఎంతయో కష్టించి అతనికి విద్య చెప్పించెను. గుఱ్ఱములతో పనిలేక తనంత తాను నడచు బండిని నిర్మింపవలెనని అతని సంకల్పము. 1871లో అతడు మాన్‌హైమ్ నగరమున వేఱొకనితో కలసి చిన్న కర్మాగారమును స్థాపించెను. భాగస్వామి నమ్మదగినవాడు కాకపోవుటచే వ్యాపారము చిక్కులపాలయ్యెను. అప్పుడు బెర్తా తన కట్నమును వివాహమునకు ముందే తండ్రి వద్దనుండి తీసికొని, భాగస్వామి వాటాను కొనుటకై కార్లునకొసగెను. మఱుసటి యేడు, 1872లో, వారికి వివాహమయ్యెను.

తరువాతి సంవత్సరములు లేమితో గడచెను. అయినను దంపతులు ధైర్యము వీడలేదు. 1879వ సంవత్సరపు కడపటి రాత్రి కార్లు నిర్మించిన ఇంజను మొదటిసారి చక్కగా నడచెను. పిమ్మట అతడు మూడు చక్రముల బండిని రూపొందించి, 1886 జనవరి 29వ తేదీన 37435 సంఖ్య గల పేటెంటునకు దరఖాస్తు చేసెను. ఆ బండికి ఒకే సిలిండరు గల ఇంజను. దాని బలము ముప్పాతిక అశ్వశక్తి. వేగము గంటకు సుమారు 16 కిలోమీటర్లు.

బండి సిద్ధమయ్యెను గాని కొనువారు కనబడరైరి. చప్పుడు చేయుచు, పొగ గ్రక్కుచు పోవు ఆ బండిని నమ్మి దూరప్రయాణము చేయుటకు ఎవరికిని ధైర్యము చాలకుండెను. కార్లు దానికి మెఱుగులు దిద్దుటయందే నిమగ్నుడై యుండెను. బండి పనికివచ్చునని లోకమునకు కన్నులార చూపినగాని తమ శ్రమ ఫలింపదని బెర్తా గ్రహించెను.

1888 ఆగస్టు మాసమున ఒకనాటి వేకువను, భర్త నిదురించుచుండగా, ఆమె 15 ఏండ్ల యూజెన్, 13 ఏండ్ల రిచర్డు అను కుమారులతో బండిని చప్పుడు కాకుండ వీధిలోనికి త్రోసికొనిపోయెను. ఫోర్ట్స్‌హైమునందలి తల్లిని చూడబోవుట వారి ప్రయాణము. దూరము 100 కిలోమీటర్లకు పైబడి యుండెను. అంతకు పూర్వ మెవ్వరును మోటారుబండిపై అంత దూరము పోయి యుండలేదు.

దారిలో పెట్రోలు బంకులు లేవు. ఇంధనము తఱిగిపోగా వీస్‌లోఖ్ అను ఊరిలో ఒక మందుల దుకాణమున లిగ్రాయిన్ అను తేలికనూనెను కొనిరి. బట్టల మరకలు పోగొట్టుటకు అమ్మెడి ఆ నూనెయే నాటి బండికి ఇంధనము. ఇంజనును చల్లార్చుటకు బావులనుండియు వాగులనుండియు నీరు తెచ్చి పోసిరి. ఇంధనపు గొట్టము పూడుకొనగా బెర్తా తన టోపీ సూదితో దానిని శుభ్రపఱచెను. విద్యుత్తు తీగ ఒరసికొని తొడుగు చెడగా, మేజోటిపట్టీని దానికి చుట్టెను. చెక్క బ్రేకులు అరగిపోగా, చెప్పులు కుట్టువానిచే వానికి తోలు కొట్టించెను. మెట్టలు ఎక్కునపుడు దిగి బండిని త్రోయవలసివచ్చెను. చీకటిపడు వేళకు వారు క్షేమముగా గమ్యము చేరి, కార్లునకు తంతి పంపిరి.

కొన్ని దినములకు వారు ఆ బండిమీదనే మాన్‌హైమ్ చేరిరి. బెర్తా తాను గమనించిన లోపములను భర్తకు వివరించెను. మెట్టలెక్కుటకు అనువుగ ఇంకొక గేరు కావలెనని చెప్పగా, కార్లు అట్లే అమర్చెను. ఆ సంవత్సరముననే మ్యూనిక్ ప్రదర్శనమున బండికి స్వర్ణపతకము లభించెను. 1899లో వారి సంస్థ 572 బండ్లను నిర్మించి, ప్రపంచమున మోటారుకార్లను నిర్మించు సంస్థలలో అగ్రస్థానమందెను. 1926లో అది డైమ్లర్ సంస్థతో కలసిపోయెను. నాటినుండి ఆ కార్లకు మెర్సిడీస్ బెంజ్ అను పేరు స్థిరపడెను.

1929లో కార్లు మరణించెను. 1944 మే 3వ తేదీన, 95వ జన్మదినమున, కార్ల్స్‌రూ సాంకేతిక విద్యాలయము బెర్తాకు గౌరవ పదవి నొసగెను. భర్త చదివిన విద్యాలయమదియే. మఱి రెండు దినములకు ఆమె లాడెన్‌బర్గు పట్టణమున కన్నుమూసెను.

బెంజ్ కుటుంబమువారు లాడెన్‌బర్గునందు నెలకొల్పిన కర్మాగారము నేడు పాత కార్ల ప్రదర్శనశాలగా నున్నది. అందలి బండ్ల వెనుక కార్లు మేధస్సుతోపాటు బెర్తా ధనమును, ధైర్యమును, సూక్ష్మదృష్టియు కలవు. పేటెంటు పత్రముపై ఆమె పేరు లేదు. కాని ఆ బండికి మార్గము చూపినది ఆమెయే.