కల్నల్ టేలర్ సంతకం

విస్కీ వ్యాపారి జీవితం మన సంచికలో ఎందుకని కొందరు మిత్రులకు అనిపించవచ్చు. సీసా జోలికి పోని నాబోటివాడికి ఇందులో ఆసక్తి కలిగించింది మద్యం కాదు, పేరు. తన పేరు పరుల చేతికి పోతే దానికోసం ముసలితనం దాకా పోరాడిన మనిషి కథ ఇది.

ఎడ్మండ్ హేన్స్ టేలర్ జూనియర్ 1830లో అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి పోవడంతో బంధువుల ఇళ్లలో పెరిగారు. తరువాత అమెరికా అధ్యక్షుడైన జాకరీ టేలర్ వారిలో ఒకరు. అదే పేరుగల మరో బంధువు దగ్గర ఫ్రాంక్‌ఫర్ట్‌లో బ్యాంకు పని నేర్చారు.

1869లో ఆ ఊరి పక్కనే, కెంటకీ నది ఒడ్డున ఒక డిస్టిలరీ కొని ఓ.ఎఫ్.సి. అని పేరు పెట్టారు. రాగి పాత్రలు, కొత్త కట్టడాలు, అన్నీ ఘనంగానే అమర్చారు. ఘనత వెంట అప్పులూ వచ్చాయి. బ్యాంకులో పనిచేసిన మనిషి అప్పుల్లో చిక్కుకోవడం వింతే అయినా, మనకు తెలియని సంగతి కాదు! 1870ల చివరికి ఆస్తి సెయింట్ లూయీ వ్యాపారి జార్జి స్టాగ్ పాలైంది. కంపెనీకి మాత్రం టేలర్ పేరే ఉంది. ఆయన విడిపోయి బయటికి వచ్చిన తరువాత కూడా అవతలివారు ఆ పేరును వాడుకుంటూనే ఉండటంతో వ్యవహారం కోర్టుకెక్కింది.

మనలో చాలామంది 58 ఏళ్లకు విరమణ చేసినవాళ్లమే. టేలర్ 57వ ఏట, 1887లో, మిల్‌విల్ దగ్గర ఓల్డ్ టేలర్ అనే డిస్టిలరీని మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టారు. సున్నపురాయితో బురుజులున్న కోటలా కట్టించారు. ఊటనీటికి స్తంభాల మండపం కట్టించారు. సీసా మీద తన చేతి సంతకాన్ని అచ్చు వేయించారు.

ఆ రోజుల్లో విస్కీ పేరుతో అమ్మేది చాలావరకు కల్తీ సరుకే. ముడి స్పిరిట్‌లో రంగు, పండ్ల రసం, పొగాకు కూడా కలిపి పాతసరుకని అమ్మేవారు. సంతకం ఒక్కటే చాలదని గ్రహించి టేలర్ చట్టం కోసం తిరిగారు. ఆర్థికమంత్రి జాన్ కార్లైల్ తోడ్పడ్డారు. 1897 మార్చిలో బాటిల్డ్ ఇన్ బాండ్ చట్టం వచ్చింది. ఒకే డిస్టిలరీలో, ఒకే కాలంలో కాచిన సరుకై ఉండాలి. ప్రభుత్వ పర్యవేక్షణలోని గోదాములో కనీసం 4 ఏళ్లు నిలవ ఉండాలి. సరిగ్గా 100 ప్రూఫ్, అంటే నూటికి 50 పాళ్లు ఆల్కహాలు ఉండాలి. అప్పుడే సీసా మూతమీద ప్రభుత్వ ముద్ర పడేది. ఆహారపదార్థాల, ఔషధాల కల్తీని నిషేధించిన 1906 చట్టం దీనికి తొమ్మిదేళ్ల తరువాతిది. ఇందులో ఆయన లాభం లేదనను, ఉంది. కాని కొనేవాడికీ మేలు జరిగింది.

టేలర్ 16 ఏళ్లు ఫ్రాంక్‌ఫర్ట్ మేయరుగా, రాష్ట్ర శాసనసభ్యుడిగా పనిచేశారు. చివరి రోజుల్లో హెర్‌ఫర్డ్ జాతి పశువులను పెంచారు. 1920లో దేశమంతటా మద్యనిషేధం వచ్చింది. అది అమలులో ఉండగానే 1923 జనవరిలో, 92 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఆయన పోయాక పేరు చేతులు మారుతూ పోయింది. 1972లో కోట మూతపడింది. పైకప్పులు కూలి, తీగలు అల్లుకున్నాయి. 2009లో సాజెరాక్ కంపెనీ ఆ బ్రాండును కొని, 2011లో కల్నల్ ఇ.హెచ్. టేలర్ పేరుతో కొత్త విస్కీ తెచ్చింది. దాన్ని కాచేది ఎక్కడ? ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఇప్పుడు బఫెలో ట్రేస్ అని పిలిచే డిస్టిలరీలో. టేలర్ పోగొట్టుకున్న ఓ.ఎఫ్.సి. స్థలమే అది! 2016లో అక్కడ ఒక గది నేల తవ్వితే ఆ పాత కట్టడపు పునాదులు, తొట్లు బయటపడ్డాయి. జార్జి స్టాగ్ పేరుతోనూ అక్కడే ఒక విస్కీ తయారవుతోంది.

శిథిలమైన కోటను 2014లో వేరేవారు కొని బాగుచేయించారు. ఓల్డ్ టేలర్ అనే మాట వాడారని సాజెరాక్ వారిమీద దావా వేసింది. స్థలం చరిత్ర చెప్పడానికి ఆ మాట వాడుకోవచ్చని 2018లో అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. ఆ ఏడాదే కోట తలుపులు సందర్శకులకు తెరుచుకున్నాయి, క్యాజిల్ అండ్ కీ అనే కొత్త పేరుతో.