విలియం రాక్స్‌బర్గు - కొండవాసుల ఓషధిజ్ఞానము

నెల్లూరు మండలమునకు పడమట వెలిగొండలు కలవు. సోమశిలకడ పెన్న ఈ కొండలను చీల్చుకొని, అనంతసాగర ప్రాంతమునుండి తూర్పునకు సాగును. వెలిగొండలలోను శేషాచలమునందును పెరుగు ఒక గుగ్గిలపు జాతి వృక్షమును తెలుగువారు తంబ యనియు, తంబజాలారి యనియు వ్యవహరింతురు. దాని బంక ధూపద్రవ్యము. వృక్షశాస్త్ర గ్రంథములలో దాని నామము షోరియా టుంబుగ్గాయా. ఇందు మొదటి పదము గవర్నరు జనరలు సర్ జాన్ షోరును స్మరించునది; రెండవది ఊరును పేరును తెలియని కొండవాని నోటిమాట. ఈ రెంటిని జతపరచినవాడు విలియం రాక్స్‌బర్గు.

ఈతడు స్కాట్లండు దేశమున ఎయిర్‌షైరు మండలమున 1751 ప్రాంతమున జన్మించెను. ఎడింబరో విశ్వవిద్యాలయమున జాన్ హోప్ అను ఆచార్యునికడ వృక్షశాస్త్ర మభ్యసించి, 1776లో కంపెనీ వైద్యుడై చెన్నపట్టణమునకు వచ్చెను. 1781లో సామర్లకోట చేరెను. అచట గడపిన పండ్రెండేండ్లే ఆతని జీవితమున సారభూతమైన కాలము. మిరియము, కాఫీ, దాల్చిన మున్నగువానిని నాటించెను, వర్షపాతమును లెక్కించెను, దేశీయ చిత్రకారులను నియోగించి మొక్కల ప్రతిరూపములను వ్రాయించెను. 1787 నాటి ఉప్పెనలో, ఇంజరమున నున్న ఆతని పుస్తకములు, సంగ్రహములు కొట్టుకొనిపోయినవి. పిమ్మట మరల మొదటినుండి ఆరంభించెను.

మన్నెపు కొండలయందు సోమిద యను చెట్టు కలదు. నిఘంటువులలోని మాంసరోహిణి ఇదియే యని పలువురు వైద్యుల మతము. దాని బెరడు జ్వరహరమని దేశీయులకు తెలియును. ఐరోపావారు జ్వరమునకు దూరపు పెరూ దేశమునుండి సింకోనా బెరడును తెప్పించుకొనుచుండిన దినము లవి. దానికి బదులుగా సోమిద బెరడు పనికివచ్చునని రాక్స్‌బర్గు 1793లో ప్రకటించెను. మరుసటి యేడు ఎడింబరోలో ఆండ్రూ డంకన్ అను యువకుడు ఈ బెరడునుగూర్చియే వైద్యపట్టమునకు లాటిను వ్యాసము సమర్పించెను. 1830లో ఫ్రెంచి పండితుడు జుస్యూ ఆ చెట్టును ప్రత్యేక ప్రజాతిగా నిర్ణయించి దానికి సోయ్‌మిడా యని తెలుగు పేరే పెట్టెను.

ఔషధముకంటె ఆహారవిషయమున ఆతని పరిశీలనము హృదయమును తాకును. 1791-92 సంవత్సరములలో ఉత్తర సర్కారులు ఘోరక్షామమున చిక్కినవి. వైద్యుడగు రాక్స్‌బర్గు ఆ దుర్దశను కన్నులార చూచెను. మెట్టనేలలలో గుబురుగా పెరుగు చిట్టీతను పేదలు నరికి, పొట్టి మానులోని మెత్తని పిండిని దంచి, జల్లించి, గంజి కాచుకొని త్రాగిరి. దానివలన ఎందరో బ్రతికిరని ఆతడు గ్రంథస్థము చేసెను. ఇప్పపూవును జనులు ఆహారముగా గైకొనుటయు వ్రాసెను. ధాన్యము లేనినాడు ఆదుకొనుటకు కొబ్బరి, పనస మున్నగు వృక్షములను విరివిగా నాటవలెనని కంపెనీకి నివేదించెను. గంజికాచు విధమును ఏ శాస్త్రగ్రంథమును నేర్పలేదు; కరవునకు పలుమార్లు లోనైనవారి పరంపరయే నేర్పినది.

చరకసంహిత సూత్రస్థానపు మొదటి అధ్యాయమున, గొఱ్ఱెల మేకల కాపరులు, గోపాలకులు, వనవాసులు ఓషధులను నామరూపములతో ఎరుగుదురని చెప్పబడినది. అయితే నామరూపజ్ఞాన మాత్రమున వైద్యుడు కాడనియు, ప్రయోగ మెరిగినవాడే తత్త్వవేత్త యనియు ఆచార్యుడు చేర్చెను. తరువాతి పండితులు ఈ రెండవ భాగమును గట్టిగా పట్టుకొని మొదటి భాగమును మరచిరి. ఒకే పేరునకు నాలుగు మొక్కలు, ఒకే మొక్కకు పది పేర్లు! అడవి నెరుగని వ్యాఖ్యాత ఈ చిక్కును తీర్పలేడు. చరకుని మాట వినియుండని పరదేశీయుడు ఆ మాట ప్రకారమే నడచెను. అయినను ఆతనియందు లోపము లేకపోలేదు. చెట్టునకు తెలుగు పేరు వ్రాసికొనెనే గాని, చెప్పినవానిని చిరస్మరణీయుని చేయలేదు. కోరమాండల తీరపు మొక్కలను గూర్చిన మహాగ్రంథము 1795 మొదలు మూడు సంపుటములుగా, 300 చిత్రములతో లండనులో వెలువడినది. ఆ చిత్రకారుల నామము లందు కానరావు.

1793లో ఆతడు కలకత్తా వృక్షోద్యానమునకు అధిపతియై వెడలెను. సంస్కృతజ్ఞుడగు సర్ విలియం జోన్సు స్మృత్యర్థము అశోకవృక్షమునకు జోన్సియా అశోక యని పేరిడెను. ఆరోగ్యము చెడి 1813లో భారతదేశమును వీడి, 1815లో ఎడింబరోలో మరణించెను. ఆతని ఫ్లోరా ఇండికా సమగ్రముగా 1832లో శ్రీరామపురమున వెలువడినది. ప్రకటించినవాడు విలియం కేరీ. 1814లో తెలుగు వ్యాకరణమును వ్రాసినవా డీతడే.

ఆ గ్రంథమున వర్ణితమైన తంబవృక్షము తూర్పు కనుమల దక్షిణభాగమున తప్ప లోకమున మరెచ్చటను సహజముగా పెరుగదు. నేడు అంతరించు ప్రమాదముగల వృక్షములలో అది లెక్కింపబడుచున్నది.