తండ్రి గదిలో దొరకిన కరపత్రము

చైనా దేశమునకు సువార్త నందించిన హడ్సన్ టేలర్ 1832వ సంవత్సరము మే 21వ తేదీన ఇంగ్లండులోని బార్న్‌స్లీ పట్టణమున జన్మించెను. ఆ కుటుంబపు భక్తి అతని ముత్తాతతో ఆరంభమైనది. రాతిపని చేయు ఆ ముత్తాత తన వివాహదినమున యెహోషువ గ్రంథము 24వ అధ్యాయములోని తీర్మానమును తలపోసి, ఆ దినముననే క్రీస్తునకు లోబడెను. జాన్ వెస్లీ ఆ పట్టణమునకు వచ్చినప్పుడు అతని యింటనే ఆతిథ్యము గైకొనెను. హడ్సన్ తండ్రి మందుల దుకాణము నడుపుచు మెథడిస్టు సంఘములలో ప్రసంగించుచుండెను.

ఇట్టి యింట పుట్టినవానికి విశ్వాసము పిత్రార్జితమువలె సంక్రమించునని ఎవరైనను తలంతురు. అట్లు జరుగలేదు. తన ప్రయత్నముచేతనే క్రైస్తవుడు కావలెనని అతడు పలుమారులు పూనుకొని విఫలుడయ్యెను. 15 ఏండ్ల ప్రాయమున బ్యాంకు గుమాస్తాగా చేరగా, అచ్చటి తోడివారు దేవుని సంగతులను పరిహసించుచుండిరి. ఆ పరిహాసము అతనికి ఊరటగానే తోచెను. వారి మాట నిజమైనచో తీర్పునకు భయపడ నక్కరలేదు గదా! కంటిజబ్బుచేత కొన్ని నెలలకే పని మాని, తండ్రి దుకాణమునకు తిరిగి వచ్చెను.

1849 జూన్ నెలలో ఒక మధ్యాహ్నము తీరిక దొరకగా, అతడు పొద్దుపుచ్చుటకై తండ్రి పుస్తకముల గదిలో వెదకి యొక కరపత్రమును తీసికొనెను. ముందు కథయు చివర ఉపదేశమును ఉండునని ఎరుగును. కథ మాత్రము చదివి తక్కినది విడుతునని తలంచెను. అయితే క్రీస్తు సమాప్తము చేసిన కార్యమును గూర్చిన మాట యొకటి అతనిని నిలిపివేసెను. ఋణమంతయు తీరియుండగా తాను తీర్చవలసినదేమి మిగిలెను? చిన్ననాటి నుండి విన్న సంగతియే అది. ఆనాడు మాత్రమే అది తనదాయెను. అతడు మోకాళ్లూని రక్షకుని అంగీకరించెను.

ఆ మధ్యాహ్నమే 70, 80 మైళ్ల దూరమున నున్న తల్లి భోజనము ముగించి, గది తలుపు గడియవేసికొని, కుమారుని రక్షణ నిశ్చయమగువరకు లేవనని ప్రార్థనకు పూనుకొనెను. కొన్ని గంటలకు ఆమె విన్నపము స్తుతిగా మారెను. రెండు వారములకు ఆమె యిల్లు చేరగా, కుమారుడు శుభవార్త చెప్పవలెనని గుమ్మమునకు ఎదురేగెను. ఆమె అది ముందే యెరిగియుండెను. చెల్లెలు అమేలియా తెలిపియుండునని అతడు శంకించెను. ఆమె ఎవరికిని చెప్పలేదు. మరికొంత కాలమునకు, తనదేయని పొరబడి తెరచిన చిన్న పుస్తకములో, అన్న మారువరకు దినదినము ప్రార్థింతునని ఆమె ఒక నెల ముందే వ్రాసికొనిన సంగతి అతని కంటబడెను.

1853 సెప్టెంబరులో ఆయన లివర్‌పూల్ రేవున ఓడ యెక్కి, 1854 మార్చి 1వ తేదీన షాంఘై చేరెను. 1865లో చైనా ఇన్‌లాండ్ మిషనును స్థాపించి, చందాలు అడుగక దేవునిపైననే ఆధారపడి దానిని నడిపెను. 1905 జూన్ 3వ తేదీన ఛాంగ్షా నగరమున మరణించెను.

ఆ తలిదండ్రులు దాచియుంచిన సంగతి మరియొకటి కలదు. కుమారుడు పుట్టకమునుపే, తమకు మగబిడ్డ కలిగినచో చైనా సేవకు పిలువుమని వారు దేవుని వేడుకొనిరి. అతడు విశ్వాసము లేక తిరిగిన దినములలోను, చైనాకు పిలుపు వినితినని చెప్పిన దినమునను, ఓడ యెక్కిన దినమునను వారు ఆ మాట యెత్తలేదు. ఆయన చైనాలో ఏండ్ల తరబడి పనిచేసి 1860లో స్వదేశమునకు వచ్చినప్పుడే, మొదటిసారిగా ఆ ప్రార్థనను గూర్చి వినెను.