అపర అన్నపూర్ణ డొక్కా సీతమ్మ

గోదావరి పాయల నడుమనున్న లంక గ్రామాలకు వంతెనలు లేని కాలమది. పడవ తప్పిన బాటసారి ఆ పూట పస్తుండవలసినదే. అట్టివారి ఆకలి తీర్చిన మహనీయురాలు డొక్కా సీతమ్మ.

ఆమె 1841లో మండపేటలో జన్మించారు. తల్లిదండ్రులు నరసమ్మ, అనుప్పిండి భవానీశంకరం. అడిగినవారికెల్ల అన్నం పెట్టే ఆ తండ్రిని ఊరివారు బువ్వన్న అని పిలిచేవారు. లంకల గన్నవరానికి చెందిన డొక్కా జోగన్నతో వివాహమైన పిదప అన్నదానమే సీతమ్మకు జీవితవ్రతమయింది. వచ్చినవారి కులమేమిటో ఆమె విచారించలేదు. అర్ధరాత్రి తలుపు తట్టినా పొయ్యి వెలిగించి, వండి వడ్డించేవారు.

ఒకసారి ఆమె అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయలుదేరారట. సీతమ్మగారి ఇల్లు చేరితే అన్నం దొరుకుతుందని, ఆకలితో ఏడ్చే పిల్లలను ఊరడిస్తున్న ప్రయాణికుల మాటలు దారిలో ఆమె చెవిన పడ్డాయి. తాను ముందుకు సాగితే ఆ పిల్లలకు అన్నం పెట్టేదెవరు? ఆమె యాత్ర మానుకొని, వారికంటె ముందే ఇల్లు చేరి వంట ప్రారంభించారని ప్రతీతి.

1903లో ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక వేడుకలకు ఆహ్వానం అందినా ఆమె వెళ్ళలేదనీ, ఆమె ఛాయాచిత్రమే ఆ సభలో ఆసనమందుకొన్నదనీ చెబుతారు. 1909లో సీతమ్మ పరమపదించారు.

2000లో గన్నవరం వద్ద వైనతేయ నదిపై నిర్మించిన అక్విడెక్టుకు ఆమె పేరు పెట్టారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరుంచి, 2025 జనవరిలో దానిని ప్రభుత్వ జూనియర్ కళాశాలలకూ విస్తరించింది. ఆ విధంగా గోదావరి లంకలలోని ఒక గృహిణి పేరు పల్నాటిలోని రొంపిచెర్ల వంటి ఊళ్ళ పిల్లల కంచాల దాకా చేరింది. ఆకలిగొన్నవానిని వివరాలడుగక ముందే ఆదరించాలన్నది ఆమె జీవితం మనకు నేర్పే పాఠం.