స్టాఫ్ రూమ్‌లో మంచినీళ్ల కుండ

మన ఊళ్ళలో ఏ సెంటర్లో చూసినా అంబేడ్కర్ విగ్రహం చేతిలో ఒక పుస్తకం ఉంటుంది. అది రాజ్యాంగం అని చిన్నపిల్లలు కూడా చెప్తారు. రాజ్యాంగానికి పాతికేళ్ల ముందే ఆయన ఇంకో పెద్ద పుస్తకం రాశారు. అది రూపాయి గురించి. ఆ పుస్తకం కోసం లండన్ వెళ్ళడానికి ఆయన కొన్నాళ్ళు ఎకనామిక్స్ లెక్చరర్‌గా పనిచేసి డబ్బులు దాచుకున్నారు. ఈ వ్యాసం ఆ లెక్చరర్ గురించి.

బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో అంబేడ్కర్ 1913లో అమెరికా వెళ్ళి కొలంబియా యూనివర్సిటీలో చేరారు. 1915లో ఎం.ఏ. పూర్తి చేసి, 1916లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కి వెళ్ళారు. చదువు సగంలో ఉండగానే స్కాలర్‌షిప్ గడువు అయిపోయింది. నాలుగేళ్లలోపు తిరిగొచ్చి చదువు కొనసాగించొచ్చని యూనివర్సిటీ దగ్గర పర్మిషన్ తీసుకొని, 1917లో ఇండియాకి వచ్చేశారు.

స్కాలర్‌షిప్ షరతు ప్రకారం బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరారు. అంత చదువు చదివిన మనిషికి ఆ ఊళ్ళో అద్దె ఇల్లు దొరకలేదు. ఒక పార్సీ సత్రంలో ఉంటే, కులం తెలిసి కర్రలతో వచ్చి వెళ్ళగొట్టారు. ఆఫీసులో ప్యూన్లు ఫైళ్ళు చేతికివ్వకుండా దూరం నుంచి విసిరేసేవాళ్ళు. ఆయన బొంబాయికి తిరిగొచ్చేశారు.

1918 నవంబర్‌లో బొంబాయిలోని సిడెన్‌హామ్ కామర్స్ కాలేజీలో పొలిటికల్ ఎకానమీ ప్రొఫెసర్ ఉద్యోగం వచ్చింది. టెంపరరీ పోస్టు, నెలకి 450 రూపాయల జీతం. మొదట్లో స్టూడెంట్స్ ఆయన్ని పెద్దగా లెక్కచేయలేదు. అంటరాని కులం నుంచి వచ్చినాయన మనకేం చెప్తాడులే అనుకున్నారు. ఆయన మాత్రం ప్రతి క్లాసుకీ బాగా ప్రిపేర్ అయి వెళ్ళేవారు. కొన్నాళ్ళకి వేరే కాలేజీల పిల్లలు కూడా పర్మిషన్ తీసుకొని ఆయన క్లాసులో కూర్చోవడం మొదలైంది.

క్లాసులో గౌరవం దొరికింది కానీ స్టాఫ్ రూమ్‌లో దొరకలేదు. ప్రొఫెసర్ల కోసం పెట్టిన కుండలో నీళ్ళు ఆయన తాగకూడదని కొందరు తోటి ప్రొఫెసర్లు అభ్యంతరం చెప్పారు. వాళ్ళు కూడా చదువుకున్నవాళ్ళే.

ఆయన ఉద్యోగం మానలేదు. నాలుగేళ్ల గడువు దగ్గరపడుతోంది. పరేల్‌లో చిన్న చాల్ గదుల్లో కుటుంబంతో ఉంటూ, భార్య రమాబాయికి ఇంటి ఖర్చుకి కొంత ఇచ్చి మిగతా జీతం దాచారు. 1920 మార్చిలో ఉద్యోగం వదిలేశారు. దాచిన డబ్బుకి కొల్హాపూర్ మహారాజు షాహూ సాయం, స్నేహితుడు నావల్ భథేనా ఇచ్చిన అప్పు కలుపుకొని జులైలో లండన్ బయల్దేరారు.

అక్కడ ఆయన పట్టుకున్న సమస్య రూపాయి. 1893 వరకు ఎవరైనా వెండి తీసుకెళ్ళి టంకశాలలో ఇస్తే రూపాయిలు కొట్టి ఇచ్చేవాళ్ళు. వెండి ధర పడిపోతుంటే రూపాయి విలువ కూడా పడిపోయింది. అప్పుడు ప్రభుత్వం టంకశాలలను జనానికి మూసేసి, తర్వాత రూపాయి విలువని 16 పెన్స్ దగ్గర నిలబెట్టింది. రూపాయిలు ఎన్ని కొట్టాలన్నది మాత్రం ప్రభుత్వం చేతిలోనే ఉంది. ఈ పద్ధతిని కీన్స్ అంతటి ఆర్థికవేత్త మెచ్చుకుంటే, అంబేడ్కర్ ఒప్పుకోలేదు. ప్రభుత్వం తన ఇష్టం వచ్చినన్ని రూపాయిలు వదిలితే ధరలు పెరుగుతాయి, ఆ భారం పేదవాళ్ళ మీదే ఎక్కువ పడుతుంది, కాబట్టి దానికి ఒక హద్దు ఉండాలి అని వాదించారు. థీసిస్‌ని తిరగరాయమన్నారు. రాశారు, కానీ తన నిర్ణయాలు మార్చుకోలేదు. 1923లో డి.ఎస్సీ. వచ్చింది, అదే ఏడాది థీసిస్ పుస్తకంగా అచ్చయింది.

రిజర్వ్ బ్యాంక్‌ని ఆయన ఒక్కరే పెట్టారని వాట్సాప్ మెసేజ్‌లు తిరుగుతుంటాయి. జరిగింది ఏంటంటే, హిల్టన్ యంగ్ కమిషన్ ముందు వాంగ్మూలం ఇచ్చినవాళ్ళలో ఆయన ఒకరు. ఆ కమిషన్ 1926లో సెంట్రల్ బ్యాంక్ కావాలని సిఫార్సు చేసింది. 1935 ఏప్రిల్ 1న రిజర్వ్ బ్యాంక్ పని మొదలుపెట్టింది. ఆయన గొప్పతనానికి ఈ నిజం చాలు.

లండన్ నుంచి వచ్చాక లాయర్‌గా ప్రాక్టీస్ చేస్తూనే బట్లీబాయ్ అకౌంటెన్సీ ఇన్‌స్టిట్యూట్‌లో మర్కంటైల్ లా చెప్పారు. ఆ రోజుల్లోనే నీళ్ళ సంగతి మళ్ళీ వచ్చింది. పబ్లిక్ డబ్బుతో కట్టిన బావులు, చెరువులు అందరూ వాడుకోవచ్చని బొంబాయి కౌన్సిల్ 1923లోనే తీర్మానం చేసింది. అది కాగితం మీదే ఉండిపోయింది. 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలమందితో మహాడ్‌లోని చవదార్ చెరువుకి నడిచివెళ్ళి నీళ్ళు తాగారు. పబ్లిక్ ఫైనాన్స్ మీద థీసిస్ రాసిన మనిషికి అందరి డబ్బు ఎవరికోసం అనేది పుస్తకాల్లో ప్రశ్న మాత్రమే కాదు.

చెరువు తమదేనని అగ్రకులాల వాళ్ళు ఆయన మీద కేసు వేశారు. పదేళ్ళు నడిచింది. 1937లో హైకోర్టులో ఆయన వైపు గెలిచింది. అప్పటికి ఆయన బొంబాయి గవర్నమెంట్ లా కాలేజీకి ప్రిన్సిపాల్.

తర్వాత తనే పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టి, 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ మొదలుపెట్టారు. 1953లో మన ఉస్మానియా యూనివర్సిటీ ఆయనకి గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఒకప్పుడు స్టాఫ్ రూమ్‌లో కుండ ముట్టుకోవద్దన్నది ఈ మనిషినే.