ఇమామ్ గజాలీ: ఒక అధ్యాపకుని ఆత్మపరిశీలన

విద్య నేర్చుకొనేవారికి పరీక్షలున్నాయి, నేర్పేవారిని పరీక్షించేదెవరు? పై అధికారి తనిఖీ పాఠం జరిగినదీ లేనిదీ తెలుపగలదు. ఫలితాల పట్టిక ఎందరు ఉత్తీర్ణులైనదీ తెలుపగలదు. కాని ఏ ఉద్దేశంతో ఆ పాఠం చెప్పబడినదో అధ్యాపకుని అంతరంగానికి తప్ప అన్యులకు తెలియదు. ఆ అంతరంగాన్నే పరీక్షాధికారిగా నియమించుకొన్న మహనీయుడు ఇమామ్ గజాలీ. ఉర్దూ విద్యార్థులకు షిబ్లీ నోమానీ రచించిన జీవిత చరిత్ర వలన ఆయన సుపరిచితులే. తెలుగు విద్యార్థులకు ఆ పరిచయం తక్కువ. మతాచార్యునిగా, తత్త్వవేత్తగా ఆయన కీర్తిని వివరించడం ఈ చిన్న వ్యాసానికి శక్యం కాదు. ఒక ఉపాధ్యాయునిగా ఆయన నడచిన దారిని మాత్రం చూపాలని మా సంకల్పం.

అబూ హామిద్ ముహమ్మద్ గజాలీ 1058లో ఖురాసాన్ సీమలోని తూస్‌లో జన్మించారు. ఇది నేటి ఇరాన్ దేశపు ఈశాన్య భాగంలో, మష్హద్ నగరానికి సమీపంలో ఉన్నది. జాషువా కావ్యం వలన తెలుగువారి హృదయాలలో నిలిచిన ఫిరదౌసి మహాకవి పుట్టినదీ ఈ తూస్ సీమలోనే. గజాలీ తండ్రి ఉన్ని వడికి అమ్ముకొని జీవించిన పేదవాడనీ, చదువు రాని కొరత తన కుమారులకు ఉండరాదని తపించినవాడనీ ప్రాచీన చరిత్రకారులు చెబుతారు. మరణకాలంలో ఆయన తన కుమారులు ముహమ్మద్‌ను, అహ్మద్‌ను ఒక సూఫీ మిత్రునికి అప్పగించాడు. ఉన్న కొద్దిపాటి ధనం వ్యయమైన పిదప ఆ మిత్రుడు, మదరసాలో చేరితే చదువుతోపాటు భోజనం కూడా దొరుకుతుందని పిల్లలకు సలహా ఇచ్చాడు. ఆ విధంగా విద్యాలయంలో అడుగుపెట్టిన బాలుడే తరువాతి కాలంలో ఆనాటి విద్యాలయాలన్నింటిలో శ్రేష్ఠమైన పీఠాన్ని అలంకరించాడు.

ఆయన విద్యార్థి దశను గూర్చి ఒక కథ ప్రచారంలో ఉన్నది. జుర్జాన్‌లో చదువు ముగించుకొని తిరిగి వస్తుండగా దారిదోపిడీ దొంగలు సర్వస్వం దోచుకొన్నారు. తన గురువుల పాఠాలు వ్రాసుకొన్న కాగితాల మూటనైనా ఇప్పించమని గజాలీ దొంగల నాయకుని వెంటబడి వేడుకొన్నారు. మూట పోగానే పోయే చదువు ఏమి చదువని ఆ నాయకుడు నవ్వి, కాగితాలు తిరిగి ఇచ్చివేశాడట. గజాలీ ఆ పరిహాసాన్ని అవమానంగా గాక ఉపదేశంగా గ్రహించారు. తూస్ చేరిన పిదప మూడు సంవత్సరాలు కృషి చేసి, కాగితాలలో ఉన్నదంతా కంఠస్థం గావించారు. తన లోపాన్ని ఎత్తిచూపినవాడు దొంగయైనా సరే, ఆ మాటలోని సత్యాన్ని స్వీకరించి, గడువు పెట్టుకొని దిద్దుకోవడం ఆ వయసులోనే ఆయనకు అలవడినదని ఈ కథ వలన తెలుస్తున్నది.

అనంతరం నైషాపూర్ చేరి, ఇమాముల్ హరమైన్‌గా ప్రసిద్ధుడైన జువైనీ వద్ద శిష్యరికం చేశారు. 1085లో గురువు గతించిన పిదప సెల్జూక్ సామ్రాజ్యపు మహామంత్రి నిజాముల్ ముల్క్ ఆస్థానంలో పండితునిగా మన్ననలందుకొన్నారు. 1091లో ఆ మంత్రి ఆయనను బాగ్దాదులోని నిజామియా విద్యాలయానికి ప్రధానాచార్యునిగా నియమించాడు. అప్పటికి గజాలీ వయస్సు సుమారు ముప్పది మూడేండ్లు. మూడు వందల మంది విద్యార్థులు ఆయన బోధనకై చేరేవారు. ఖలీఫా గౌరవం, మంత్రుల ఆదరణ, పండితుల ప్రశంస అన్నీ సమకూడినవి.

ఇంతటి బాధ్యతల నడుమ కూడా ఆయన తన అధ్యయనాన్ని ఆపలేదు. తత్త్వశాస్త్రాన్ని ఖండించదలచినవాడు ముందుగా ఆ శాస్త్రంలో నిష్ణాతుడు కావాలని నిశ్చయించుకొన్నారు. బోధనకు, రచనకు పోగా మిగిలిన సమయంలో, గురువు సహాయం లేకుండా, రెండేండ్లు నిండకముందే ఆ గ్రంథాలను ఆకళింపు చేసుకొన్నారు. మరి ఒక సంవత్సరం చదివినదానిని మననం చేయడానికే వినియోగించారు. తత్త్వవేత్తల సిద్ధాంతాలను ఆయన ఎంత నిష్పక్షపాతంగా వివరించారంటే, ఆ గ్రంథం లాటిన్ భాషలోకి వెళ్లినప్పుడు ఐరోపా పండితులు ఆయనను ఆ సిద్ధాంతాల సమర్థకునిగానే భావించారు.

లోకం దృష్టిలో ఇది విజయ శిఖరం. ఆ శిఖరం మీదనే ఆయనకు సంశయం కలిగింది. తన పనులన్నింటినీ ఒక్కొక్కటిగా పరిశీలించుకొన్నారు. వాటిలో ఉత్తమమైనది అధ్యాపనమే అనిపించింది. అయితే ఆ బోధన వెనుక ఉన్న ఉద్దేశాన్ని తరచి చూచినప్పుడు, దైవప్రీతి గాక కీర్తికాంక్షయే తనను నడుపుతున్నదని తోచింది. పీఠాన్ని విడువాలని ఉదయం నిశ్చయించుకొనడం, సాయంకాలానికి మనసు జారిపోవడం. 1095లో ఈ విధంగా సుమారు ఆరు మాసాలు గడచినవి. చివరకు తరగతిలో నోట మాట పెగలలేదు. విద్యార్థుల సంతోషానికై ఒక్క దినమైనా పాఠం చెప్పాలని ప్రయత్నించినా ఒక్క పలుకు వెలువడలేదు. ఆహారం సహించలేదు. ఈ వ్యాధి హృదయానికి సంబంధించినది, ఔషధసాధ్యం కాదని వైద్యులు చేతులెత్తివేశారు. 1092లో నిజాముల్ ముల్క్ హత్యానంతరం చెలరేగిన రాజకీయ కల్లోలం కూడా ఆయన నిర్ణయానికి ఒక కారణమని కొందరు చరిత్రకారులు తలుస్తారు. అది ఎట్లున్నా, ఆయన తన జీవితాన్ని గూర్చి స్వయంగా వ్రాసుకొన్న గ్రంథంలో ప్రధానంగా కనిపించేది ఈ అంతర్మథనమే.

1095 నవంబరులో ఆయన బాగ్దాదును వీడారు. కుటుంబ పోషణకు అవసరమైనంత ఉంచి మిగిలిన ధనాన్ని పంచివేశారు. సోదరుడు అహ్మద్ ఆయన స్థానంలో పాఠాలు చెప్పారు. దమస్కులో పెద్ద మసీదు మినారులో ఏకాంతంగా గడిపారు, జెరూసలేము దర్శించారు. 1096లో హెబ్రోనులో ఇబ్రాహీం ప్రవక్త సమాధి చెంత మూడు ప్రతిజ్ఞలు చేశారు. ఏ పాలకుని సన్నిధికీ పోరాదు. ఏ పాలకుని ధనమూ స్వీకరింపరాదు. పంతం కోసం వాదప్రతివాదాలకు దిగరాదు. సజ్జనునిగా మెలగాలనే అస్పష్టమైన కోరికతో ఆయన తృప్తి పడలేదు. తనను పడగొట్టిన మూడు ప్రలోభాలను గుర్తించి, నిలిచినదీ తప్పినదీ మరునాడే తెలిసిపోయేటంత స్పష్టంగా నియమాలను ఏర్పరచుకొన్నారు. లక్ష్య నిర్ణయం అంటే ఇదే.

ఈ సంచార కాలపు మహాఫలం ‘ఇహ్యా ఉలూమిద్దీన్’. నాలుగు భాగాలు, నలుబది ప్రకరణాలు గల ఈ గ్రంథంలో మొదటి ప్రకరణమే విద్యను గూర్చినది. గురువు శిష్యులను సొంత బిడ్డలవలె చూడాలనీ, వారి గ్రహణశక్తికి మించినది బోధింపరాదనీ, తాను బోధించని శాస్త్రాలను వారి ముందు కించపరచరాదనీ, తప్పును నలుగురిలో ఎండగట్టక పరోక్షంగా సున్నితంగా దిద్దాలనీ, చెప్పినదానిని తాను ఆచరించాలనీ అందులో బోధించారు.

చివరి భాగంలో ఆత్మపరిశీలనకు ఒక ప్రకరణం కేటాయించారు. అందులోని ఉపమానం వ్యాపారానిది. వర్తకుడు పొత్తుదారునికి మూలధనం అప్పగించేటప్పుడు ముందుగా షరతులు విధిస్తాడు. పని జరిగేటప్పుడు కనిపెట్టి చూస్తాడు. తుదకు లెక్క చూస్తాడు. మనిషి కూడా తన మనసుతో ఇట్లే వ్యవహరించాలి. ఇక్కడ మూలధనం ఆయుర్దాయం. ఉదయపు నమాజు పిదప ఆ దినం చేయవలసినవీ, చేయరానివీ మనసుతో ఒడంబడిక చేసుకోవడం ముషారతా. పగలంతా కనిపెట్టి ఉండడం మురాఖబా. రాత్రి కూర్చొని అసలు, లాభం, నష్టం పద్దు పద్దుగా సరిచూడడం ముహాసబా. లోటు తేలితే తగిన దండన విధించుకోవడం, మరునాడు అధికంగా శ్రమించడం, మనసును మందలించడం తరువాతి మెట్లు. లెక్క చూచి ఊరుకుంటే ప్రయోజనం లేదు; ఆ లెక్క మరునాటి ఒడంబడికను మార్చాలి.

అమెరికా విద్యావేత్త జాన్ డ్యూయీ 1910లో ఆలోచనా విధానాన్ని గూర్చి గ్రంథం వెలువరించాడు. డోనాల్డ్ షోన్ 1983లో తన వృత్తిని తానే విమర్శించుకొనే వృత్తినిపుణుని గూర్చి వ్రాశాడు. నేటి ఉపాధ్యాయ శిక్షణలో పాఠ పథకం, బోధనానంతర సమీక్ష అనేవి ఈ మార్గంలోనివే. పాఠం ఎట్లు చెప్పాను అని ఈ సమీక్ష అడుగుతుంది. ఎవరి కోసం చెప్పాను అని కూడా గజాలీ అడుగుతారు. మొదటి ప్రశ్న పాఠాన్ని బాగుచేస్తుంది. రెండవది పాఠం చెప్పేవానిని బాగుచేస్తుంది.

కథ ఇంతటితో ముగిసి ఉంటే గజాలీని మేము అధ్యాపక వృత్తిని త్యజించిన విరాగిగా మాత్రమే చెప్పుకొనేవారము. 1106లో నిజాముల్ ముల్క్ కుమారుడైన వజీరు ఫఖ్రుల్ ముల్క్, నైషాపూరు నిజామియాలో బోధించమని ఆయనను ఒత్తిడి చేశాడు. హెబ్రోను ప్రతిజ్ఞ ఒకవైపు, అజ్ఞానంలో ఉన్న ప్రజల అవసరం మరొకవైపు. తన ఏకాంతం కూడా సుఖకాంక్షగా మారినదేమో అని ఆయన మరల తనను ప్రశ్నించుకొన్నారు, పెద్దలను సంప్రదించారు, పిదప అంగీకరించారు. ఇది మాట తప్పడం కాదా అని అడిగేవారు నేటికీ ఉన్నారు. ఆ ప్రశ్న సమంజసమే. ఆయన సమాధానం ఒక్కటే: బయటికి చూస్తే ఇది వెనుకటి పనికి మరలడమే, కాని వెనుక ప్రతిష్ఠను ఆర్జించే విద్య నేర్పితిని, ఇప్పుడు ప్రతిష్ఠను విడనాడే విద్య నేర్పుతున్నాను అని ఆయన భావం. కొంతకాలానికి అక్కడి నుండి తూస్ చేరి, ఇంటి సమీపాననే విద్యార్థులకు మదరసా, సూఫీలకు ఖాన్‌ఖా నడుపుతూ 1111 డిసెంబరులో పరమపదించారు.

విద్యార్థులారా! చదువు మీ నోటుపుస్తకంలో ఉన్నదా, మీలో ఉన్నదా అని దొంగల నాయకుడు వేసిన ప్రశ్నను పరీక్షలకు ముందు ఒక్కసారి వేసుకోండి. ఉదయం ఐదు నిమిషాలు సంకల్పానికి, రాత్రి ఐదు నిమిషాలు లెక్కకు కేటాయించండి. కళాశాల పాలకవర్గానికి మా విన్నపం ఒక్కటే. సంవత్సరాంతంలో ఉత్తీర్ణుల శాతాన్ని లెక్కించడం ఎంత అవసరమో, అధ్యాపకులు నలుగురూ కూర్చొని తమ బోధనను తామే నిర్మొహమాటంగా సమీక్షించుకొనే అవకాశం కల్పించడం కూడా అంతే అవసరం. ఇతరులు అడిగినప్పుడు చూపే లెక్క ఉద్యోగ ధర్మం. ఎవరూ అడగకపోయినా తనకు తాను ఒప్పజెప్పుకొనే లెక్కయే గురుధర్మం.