కాన్‌బెర్రా నగర శిల్పి వాల్టర్ బర్లీ గ్రిఫిన్

విద్య ముగించుకొని పరదేశమునకు బోయి తమ వృత్తిచే జీవింపవలెనని తలచు యువకులు ప్రతి దేశమునందును గలరు. అట్టివారికి ధనము గడించి తిరిగివచ్చిన వారి కథలు తరచుగ వినబడుచుండును. మేమిచ్చట జెప్పదలచిన జీవితము వేరు తీరుది. అమెరికాలో బుట్టి, ఆస్ట్రేలియా రాజధానికి రూపము గల్పించి, కడకు మన భారతదేశపు మట్టిలో విశ్రమించిన యొక వాస్తుశిల్పి చరిత్ర మిది. పరదేశమున విద్యావంతునకు లభించు నవకాశ మెంత గొప్పదియో, దానిని నిలుపుకొనుట యెంత కష్టమో యీ జీవితమువలన మనకు దెలియును.

వాల్టర్ బర్లీ గ్రిఫిన్ 1876వ సంవత్సరము నవంబరు 24వ తేదీని షికాగో నగర సమీపముననున్న మేవుడ్ అను నూరిలో జన్మించెను. చిన్నతనమునుండియు నాయనకు తోటలయందును చెట్లయందును మక్కువ మెండు. ఇల్లినాయి విశ్వవిద్యాలయమున వాస్తుశాస్త్రము నభ్యసించి 1899లో పట్టము బొందెను. 1901 మొదలు 1906 వరకు ఫ్రాంక్ లాయిడ్ రైట్ అను ప్రసిద్ధ శిల్పియొద్ద పనిచేసి, పిమ్మట స్వంత కార్యాలయమును దెరచెను. 1911లో మేరియన్ మహోనీ అను నామెను వివాహమాడెను. ఆమెయు వాస్తుశిల్పియే. స్త్రీల కీ వృత్తిలో ప్రవేశము దుర్లభమైన యా దినములలో, 1894లోనే మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున బట్టము బొందిన ధీమతి. చిత్రలేఖనమున నామెకు సాటివచ్చువా రరుదు.

అప్పటికే అమెరికానుండి వచ్చినవా రనేకులు ఆస్ట్రేలియాలో దమ నేర్పును వినియోగించి యుండిరి. బంగారు గనుల కాలమున ఫ్రీమన్ కాబ్ అను నమెరికా యువకుడు తన సహచరులతో గలసి 1854లో మెల్బోర్ను నుండి గనులకు గుఱ్ఱపు బండ్లను నడపెను. కాలిఫోర్నియాలో నీటిపారుదల పనులు చేసిన చాఫీ సోదరులు 1887లో మర్రే నదీతీరమున మిల్డూరా వలసను స్థాపించిరి. పనికి దగిన మనుష్యులు చాలక, క్రొత్తగ నిర్మింపవలసిన దంతయు ముందున్న దేశ మది. గ్రిఫిను నాకర్షించిన యవకాశము మాత్ర మన్నిటికంటె బెద్దది.

1901లో ఆరు రాష్ట్రములు గలసి ఆస్ట్రేలియా సమాఖ్య యేర్పడెను. రాజధాని సిడ్నీ కావలెనని కొందరును, మెల్బోర్ను కావలెనని కొందరును బట్టుబట్టిరి. రాజధాని న్యూ సౌత్ వేల్సులోనే యుండవలెననియు, అయినను సిడ్నీకి నూరు మైళ్లకు దక్కువ దూరమున నుండరాదనియు రాజ్యాంగమున వ్రాసికొనిరి. కడకు గొఱ్ఱెలు మేయు నొక మైదానము నెన్నుకొని, అచ్చట నిర్మింపవలసిన నగరమునకు బటములు గీసి పంపుడని 1911లో ప్రపంచమునందలి శిల్పుల నెల్లర నాహ్వానించిరి. తుది నిర్ణయము శిల్పశాస్త్రజ్ఞుల చేతిలో గాక మంత్రియగు కింగ్ ఓమలీ చేతిలో నుండుట చూచి బ్రిటిషు శిల్పిసంఘమువారు పోటీని బహిష్కరించిరి. అయినను 137 పటములు వచ్చెను.

గ్రిఫిన్ ఆ స్థలమును గన్నులార జూచి యెరుగడు. నేల యెత్తుపల్లములను దెలుపు పటములను, ఆ ప్రదేశపు చిత్రములను మాత్రమే చూచి పని యారంభించెను. కొండలను ద్రవ్వి నగరము నమర్చుట గాక, కొండలకు లోబడి నగరము నమర్చుట యాయన యూహ. ఐన్‌స్లీ కొండనుండి యొక సూటియైన రేఖయు, దాని కడ్డముగ నీటివెంట మరియొక రేఖయు, వాని నడుమ ప్రభుత్వ భవనములుండు త్రికోణమును, మొలంగ్లో నదిని గట్టి యేర్పరచు సరస్సును ఆ పటమున నుండెను. మేరియన్ ఆ యూహలకు వస్త్రముపై మనోహరముగ రంగుల రూపము నిచ్చెను. ముగ్గురు న్యాయనిర్ణేతలలో నిద్దరు గ్రిఫిన్ పటమును మెచ్చిరి. 1912వ సంవత్సరము మే 23వ తేదీని ప్రథమ బహుమానమగు 1750 పౌను లాయనకు బ్రకటింపబడెను. ఫిన్‌లాండు దేశపు సారినెన్ రెండవవాడు, ఫ్రాన్సు దేశపు అగాష్ మూడవవాడు.

బహుమాన మిచ్చినంతమాత్రమున పని యిచ్చినట్లు కాదు. ప్రభుత్వోద్యోగుల సంఘ మొకటి గ్రిఫిన్ పటమునకు వ్యయ మధికమని చెప్పి, పలువురి పటములనుండి భాగములు దీసి తమదే యొక పటమును గల్పించెను. దానిపై నెందరో శిల్పులు విమర్శలు గురిపించిరి. 1913లో మంత్రివర్గము మారుటతో గ్రిఫిను నాస్ట్రేలియాకు రప్పించి, రాజధాని రూపకల్పనకును నిర్మాణమునకును నిర్దేశకునిగా మూడేండ్లకు నియమించిరి. స్వంతముగ వృత్తి సాగించుకొనుట కనుమతియు నిచ్చిరి. 1914లో దంపతు లిరువురు నచ్చటికి మకాము మార్చిరి.

ఆ యేడే మహాయుద్ధ మారంభమయ్యెను. ధనము యుద్ధమునకు బోయెను. దానికి దోడు పాత యుద్యోగులు గ్రిఫిన్ కడిగిన లెక్కలను, కొలతలను ఇయ్యక జాగు చేయుచు వచ్చిరి. పరదేశమునుండి వచ్చిన నిపుణునకు పై యధికారి యాజ్ఞ యున్నను, క్రింది బల్లలవద్ద కాగితము కదలనిచో బని సాగదు. ఈ వివాదముపై రాయల్ కమీషను విచారణ జరిగెను. 1917లో కమీషను గ్రిఫిన్ పక్షమున దీర్పు చెప్పి, ఉద్యోగులు కావలసిన సమాచార మీయక యాయన పని కడ్డుపడిరని తేల్చెను. నిర్దోషిత్వము వెల్లడియైనను పోయిన కాలము తిరిగి రాలేదు.

1920వ సంవత్సరాంతమున ప్రభుత్వము నిర్మాణభారమును సలహా సంఘమున కప్పగించి, అందు గ్రిఫిన్ నొక సభ్యునిగ నుండుమనెను. అంగీకరించినచో పేరును, స్థానమును నిలిచియుండును. కాని తన పటమును మార్చుటకు దానే చేయి కలిపినట్లగును. గ్రిఫిన్ నిరాకరించి వెడలిపోయెను. మే మెంతగ నాలోచించినను ఆయన జీవితమున నింతకంటె కఠినమైన ఘట్టము మాకు గానరాదు.

ప్రభుత్వపు పని పోయినను వృత్తి పోలేదు. మెల్బోర్ను విశ్వవిద్యాలయమునందలి న్యూమన్ కళాశాలయు, 1924లో దెరువబడిన కాపిటల్ థియేటరును ఆయన చేతిపనులే. ఆ థియేటరు పైకప్పు స్ఫటికముల గుహవలె నుండి, లెక్కకు మిక్కిలియైన రంగుల దీపములతో వెలుగును. తక్కువ వెలకు ఇండ్లు గట్టుకొనుటకై సిమెంటు కాంక్రీటు దిమ్మల పద్ధతి నొకదాని గనిపెట్టి హక్కు పొందెను. ఒక వ్యాపార సంఘమును స్థాపించి, సిడ్నీలో కాసిల్‌క్రాగ్ అనుచోట కొండ వాలులలో చెట్లను రాళ్లను జెడగొట్టకుండ నివాసములను నిర్మింప సాగెను. కొనువారు కొలదిమందియే యైరి. 1929 పిమ్మట వచ్చిన యార్థిక మాంద్యమున బనులు సన్నగిల్లగా, పురపాలక సంఘములకు చెత్త కాల్చు కొలుములను సైతము సుందరముగ గీసి యిచ్చెను. రాజధానిని గీసిన చేతితో చెత్తకొలిమిని గీయుట కాయన సిగ్గుపడలేదు.

1935లో లక్నో విశ్వవిద్యాలయ గ్రంథాలయమునకు బటము గీయుమని పిలుపు రాగా గ్రిఫిన్ భారతదేశమునకు వచ్చెను. మరుసటి యేడు మేరియన్ వచ్చి చేరెను. పయనీరు పత్రిక ముద్రణాలయమునకును, సంయుక్త పరగణాల పారిశ్రామిక వ్యావసాయిక ప్రదర్శనమునకును, ఇంకను పెక్కింటికిని ఆయన పటములు గీసెను. ఏబది తొమ్మిదేండ్ల ప్రాయమున మూడవ దేశమున మరల మొదటినుండి యారంభించె నన్నమాట. కాని 1937వ సంవత్సరము ఫిబ్రవరిలో పిత్తాశయమునకు శస్త్రచికిత్స జరిగిన కొలది దినములకే 11వ తేదీని లక్నోలో మరణించెను. అచ్చటి క్రైస్తవ శ్మశానముననే యాయన సమాధి యున్నది. మేరియన్ షికాగోకు దిరిగిపోయి 1961లో గన్నుమూసెను.

ఆయన గీసిన సరస్సు 1964లో నిండెను. దానికి బర్లీ గ్రిఫిన్ పేరే పెట్టిరి. ఆయన పటమున మకుటమువంటి భవనము నుంచిన కొండపై 1988లో నూతన పార్లమెంటు భవనము వెలసెను. దానిని రూపొందించిన జుర్గోలాయు ఇటలీలో బుట్టి అమెరికాలో వృత్తి సాగించినవాడే. ఆయన యాస్ట్రేలియాలోనే స్థిరపడెను.

గ్రిఫిన్ ధనవంతుడు కాలేదు. తన సరస్సును జూడలేదు. అయినను నేడు కాన్‌బెర్రా వీథులలో నడచువారు ఆయన గీసిన రేఖలమీదనే నడచుచున్నారు. పరదేశమునకు బోవు విద్యార్థికి ద్వారము దెరచునది విద్య. తెరచిన తరువాత నిలుపునవి ఓర్పును, ఎట్టి పనినైనను చిన్నచూపు చూడని వినయమును, విడువదగని దానిని విడువని ధైర్యమును. బిడ్డలను దూరదేశములకు బంపు తలిదండ్రులును జీతము లెక్కతోపాటు ఈ మూడింటిని గూడ లెక్కించి పంపుదురుగాక యని మేము కోరుచున్నాము.